జెట్టు పడవకు రెక్క యేల?



ముప్పది యేండ్ల క్రిందట నేను ఒక ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడుగా నుంటిని. చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు సెలవు పెట్టినప్పుడు ఆ తరగతికి గూడ నన్నే పంపుచుండిరి. అట్టి యొకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు, ఏ పాతపత్రికనుండి కత్తిరించెనో గాని, రంగుల బొమ్మ యొకటి తెచ్చి నా బల్లమీద నుంచెను. అది నీలిరంగు పడవ. ముందర ఇరుప్రక్కల చాచిన రెండు కాళ్లు. వెనుక విమానమునకుండునట్టి నిటారు తోక.

"మాష్టారూ, ఇది నీళ్లమీద పోయే పడవే కదండీ. దీనికి విమానం తోక ఎందుకు పెట్టారండీ?" అని యడిగెను.

నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు పండితుడనను అభిమానము అడ్డువచ్చెను. ఆ తోకమీద ఆంగ్లేయుల జెండా చిత్రింపబడి యుండుట చూచి, "జెండా బొమ్మ వేసికొనుటకురా" అని చెప్పి కూర్చుండబెట్టితిని. తరగతియంతయు నవ్వెను. అడిగినవాడు మాత్రము నవ్వలేదు. ఆ తోకకును ఒక మనుష్యుని ప్రాణమునకును ఉన్న సంబంధము నేను చదివి తెలిసికొనుటకు చాలకాలము పట్టినది. ఆనాడు ఆ బాలునకు చెప్పవలసిన సమాధానమే నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

మొదట మన పడవల సంగతి చూతము. కృష్ణా తుంగభద్రల తీరములవారికి పుట్టి తెలియును. వెదురుబద్దలతో గంపవలె అల్లి, పైని తోలు కప్పి చేసిన గుండ్రని యోడ. తెడ్డు ఒక ప్రక్కనే వేసితిమా, గిరగిర తిరుగును. ఏల? దానికి ముందువెనుకలు లేవు. నీటిలోనికి దిగి ప్రక్కకు జరుగనీయక పట్టియుంచు అవయవము లేదు. నెట్టు బలము ఎటు తగిలిన అటు పోవును, లేదా తిరిగి పోవును.

దీనికి ఎదురుగా కాలువపడవను దలచుకొనుడు. నా చిన్నతనమున ఏలూరు కాలువమీద సరకుపడవలను చూచితిని. గాలి లేనప్పుడు తెరచాప దింపి, ఇద్దరు మనుష్యులు గట్టుపై నడచుచు మోకుతో పడవను లాగుచుండిరి. మోకు ఏటవాలుగా గట్టువైపునకే గదా లాగును! అట్లయిన పడవ వచ్చి గట్టును కొట్టుకొనవలెను. కొట్టుకొనదు, కాలువ నడుమనే తిన్నగా సాగిపోవును. దీనికి రెండు కారణములున్నవి. పొడుగైన పడవ ముక్కుతో నీటిని చీల్చుకొని పోవుట తేలిక; ప్రక్కవాటుగా అంత నీటిని నెట్టుట మిక్కిలి కష్టము. ఇదొకటి. అమరమున, అనగా పడవ వెనుకభాగమున, చుక్కాని పట్టి కూర్చున్న ముసలివాడు ముక్కును కొంచెము నడికాలువకు త్రిప్పి యుంచును. ఇది రెండవది. లాగువారు ఇద్దరయినను, దారి నిలిపెడివి నీటిలోని పలకలే. నెట్టు బలము వేరు, ప్రక్కకు పోనీయని పట్టు వేరు. ఈ రెంటి భేదము మనస్సున నుంచుకొన్నచో తక్కిన కథయంతయు సుగమము.

మరపడవలు వచ్చిన తరువాత ఈ భేదము కొంత మరుగుపడినది. ఎట్లనిన, మరపడవకు అడుగున నీటిలో తిరుగు ప్రొపెల్లరు ఉండును. దానిని త్రిప్పు ఇనుపకడ్డీ యుండును. దానిని మోయు ఆధారముండును. వెనుక చుక్కాని యుండును. ఇవియన్నియు నీటిలోనివే. నెట్టుటకై పెట్టిన సామగ్రియే అడుగకుండనే పడవను ప్రక్కకు జారనీయక పట్టుకొనుచుండెను. ఈ యుపకారము ఎంతటిదో, జెట్టుయంత్రము వచ్చి ఆ సామగ్రిని ఊడబెరికినదాక ఎవరికిని తెలియలేదు.

జెట్టు అనగా ధార. దీపావళినాటి తారాజువ్వయే దీనికి చిన్న నమూనా. మందు వెనుకకు చిమ్మును, జువ్వ ముందుకు పోవును. ఆ జువ్వకు మూరెడు పుల్ల కట్టుదురు గదా, అది యెందుకు? పుల్ల ఊడిన జువ్వ పైకి పోక వంకరలు తిరిగి ఎవరి పంచలోనో దూరుట మీలో చాలమంది చూచియుందురు. మందునకు బలమున్నది గాని దారి తెలియదు. దారి తెలుపునది వెనుకనున్న పుల్ల. బాణమునకు ఈకలును ఇందులకే. అమరకోశమున బాణమునకు చెప్పిన పేర్లలో పత్రి యొకటి, అజిహ్మగము మరియొకటి. పత్రి యనగా ఈకలు గలది. అజిహ్మగ మనగా వంకరగా పోనిది. ఈకలు గలది గనుకనే వంకరగా పోనిది. ఆ రెండు పేర్లు కలిసి చదివిన నేటి ఇంజనీర్లు చెప్పు సూత్రము వచ్చుచున్నది. అమరసింహుడు ఆ యుద్దేశముతో వ్రాసెనని నేననను గాని, నాకు మాత్రము ముచ్చటగా నున్నది.

ఈకలు బాణమునకు వెనుకనే యుండవలెను, ముందర నుండరాదు. ముక్కు కొంచెము ప్రక్కకు తిరిగినప్పుడు వెనుకనున్న ఈకలకు గాలి ప్రక్కనుండి తగిలి, తోకను త్రోసి, ముక్కును మరల దారిలోనికి తెచ్చును. బరువు ముందర, రెక్క వెనుక. పడవకు పెట్టు రెక్కకు గూడ ఇదే నియమము. దానిని ఆంగ్లమున ఫిన్ అందురు. చేప రెక్కకును ఆ భాషలో ఇదే పేరు.

జెట్టు పడవలు రెండు జాతులు. ఒకటి నీటిధారతో నడచునది, రెండవది వేడిగాలిధారతో నడచునది. మొదటిదానిని గూర్చి కొంచెము చెప్పి రెండవదానికి పోవుదును.

న్యూజీలండు దక్షిణద్వీపమున ఐరిష్‌మన్ క్రీక్ అను గొఱ్ఱెల క్షేత్రమునకు యజమాని విలియం హామిల్టన్ అను నాయన. 1899లో జన్మించెను, స్వయముగా యంత్రములు నిర్మించు నేర్పరి. ఆ దేశపు నదులు కొండలనుండి దిగి గులకరాళ్లపై పాయలుగా పారును, మోకాలిలోతు నీరు. ప్రొపెల్లరు పడవ అచ్చట రెండు బారలు పోవునంతలో రెక్కలు విరిగి కూర్చుండును. హామిల్టన్ 1953, 1954 సంవత్సరములలో ఒక ఉపాయము సాధించెను. పడవ అడుగున చిల్లి పెట్టి, లోపలి పంపుచేత నీటిని పీల్చి, అమరమునుండి వెనుకకు ధారగా విసరుట. ధార వెలువడు గొట్టమును మొదట నీటిక్రింద నుంచి, పిమ్మట నీటిమట్టమునకు పైకి తెచ్చెను. అప్పుడు పడవ వేగమందుకొన్నది. అడుగున ప్రొపెల్లరు లేదు, చుక్కాని లేదు. గొట్టపుమూతిని ప్రక్కకు త్రిప్పినచో పడవ తిరుగును.

ఈ జాతి పడవకు రెక్క శత్రువువంటిది. రాళ్లకు తగిలి విరుగుట యొకటి. అంతకు మించి, పంపు నీరు పీల్చు రంధ్రమునకు ముందర అడుగున ఏ రెక్క యున్నను, ఏ దూలమున్నను, దాని వెంబడి గాలిబుడగలు పుట్టి పంపులోనికి పోవును. బుడగలు మ్రింగిన పంపు నీటిని పట్టలేదు. యంత్రము అరచుచుండును, పడవ సాగదు. కావున రెక్క చేయవలసిన పనిని పడవ అడుగు ఆకృతికే అప్పగించిరి. చదునుగా గాక, తెరచిన పుస్తకమును బోర్లించి తలక్రిందు చేసినట్లు నడుమ కొంచెము వాడిగా అడుగును మలచి, ఇరువైపుల పొడవునా సన్నని పట్టీలు తీర్చుదురు. మలుపులో పడవ ప్రక్కకు జారకుండ ఆ వాలు, ఆ పట్టీలు నీటిని కరచుకొనును. చదునైన అడుగు గల పడవ మలుపులో సబ్బుబిళ్లవలె జారును. సముద్రముపై నడచు పెద్ద జలధారానౌకలకు మాత్రము, మెల్లగా పోవునప్పుడు అటునిటు దేవులాడకుండ, పీల్చు రంధ్రమునకు అడ్డురానిచోట అమరముక్రింద చిన్న రెక్కలు అమర్చుట కలదు. ధార ఆగినచో త్రిప్పుటకు బలమే లేదు గదా. అట్టి సమయమున ఆ రెక్కలే దిక్కు.

ఈ పడవలు మన గంగానదికి గూడ వచ్చినవి. ఎవరెస్టు నెక్కిన ఎడ్మండు హిల్లరీ 1977లో గంగాసాగరమునుండి నది కెదురుగా మూడు హామిల్టన్ పడవలతో బయలుదేరి, కలకత్తా, కాశీ, హరిద్వారములు దాటి, హృషీకేశమునకు పైని కొండలోయలలో సుడులకెదురీది, నందప్రయాగ దగ్గర జలపాతము అడ్డు నిలుచువరకు పోయెను. హామిల్టన్ కుమారుడు జాన్ ఆ బృందములో నుండెను. తండ్రి మరుసటి సంవత్సరము, 1978లో, గతించెను.

ఇంతవరకు పడవ అడుగు నీటిలో నున్నది గనుక అడుగే రెక్క పని చేసినది. ఇక రెండవజాతికి వత్తము. అచ్చట పడవ అడుగు నీటినే విడిచిపెట్టును. పాఠశాలలో ఆ బాలుడు చూపిన బొమ్మ ఈ జాతిదే.

జలవేగమున ప్రపంచమున మొదటివాడనిపించుకొనవలెనను పట్టుదల ఇంగ్లండులో కాంబెల్ వంశమునకు తండ్రినుండి కొడుకునకు వచ్చిన ఆస్తి. తండ్రి మాల్కమ్ కాంబెల్ 1939 ఆగస్టు 19న ఇంగ్లండు వాయవ్యభాగముననున్న కోనిస్టన్ సరస్సుపై గంటకు 141.74 మైళ్ల వేగమును సాధించెను. ఆ పడవ పేరు బ్లూబర్డ్, అనగా నీలపక్షి, ప్రొపెల్లరుతో నడచునది. మూడు ఆధారముల పడవ యని దాని జాతికి పేరు. వేగము హెచ్చగనే పడవ నీటినుండి లేచి, ముందర రెండు కాళ్లు, వెనుక అమరపు కొస, ఈ మూడుచోట్ల మాత్రమే నీటిని తాకుచు, చెఱువుపై విసరిన పెంకు ఎగురునట్లు పోవును. నీటి రాపిడి తగ్గుట దీని లాభము.

యుద్ధమైన పిమ్మట 1947లో మాల్కమ్ కాంబెల్ ఆ పడవలోని పాతయంత్రమును దీసి, విమానమునకు చేసిన జెట్టుయంత్రము నొకదానిని అమర్చెను. యంత్రమునకు బలము లోపించలేదు. కాని పడవ నీటిపై స్థిరముగా పరుగెత్తలేదు. ఆశించిన వేగము రాలేదు. ప్రొపెల్లరును దృష్టిలో నుంచుకొని మలచిన పడవలోనుండి ప్రొపెల్లరును తీసివేసిన, మోకు తెంపిన గాలిపటమువలె గాక ఏమగును? ఇది నా యభిప్రాయము. ఆయన 1948 డిసెంబరు 31న మరణించెను. కొడుకు డోనాల్డ్, తండ్రియొద్ద పనిచేసిన లియో విల్లా అను యంత్రకారుని సాయముతో, అదే పడవకు మరల ప్రొపెల్లరు బిగించి ప్రయత్నించెను. 1951లో అది కోనిస్టన్ మీదనే దెబ్బతిని మునిగెను.

ఇంతలో అమెరికాలో స్లో-మో-షన్ అను ప్రొపెల్లరు పడవ 1952లో 178 మైళ్లు దాటెను. అదే సంవత్సరము సెప్టెంబరు 29న జాన్ కాబ్ అను ఆంగ్లేయుడు క్రుసేడరు అను జెట్టు పడవపై స్కాట్లండులోని నెస్ సరస్సున 200 మైళ్లకు మించి పరుగెత్తెను. నీటిపై అంతటి వేగమున అంతకు మున్నెవరును పోలేదు. ఆ పరుగు ముగియుచుండగనే పడవ అలలకు తగిలి ముక్కలయ్యెను, కాబ్ మరణించెను. ఎదురు పరుగు జరుగలేదు గనుక అది లెక్కకు రాలేదు. కొలిచిన దూరమును గంటలోపల ఇటునుండి అటును అటునుండి ఇటును రెండుసారులు పోయి, రెండు వేగముల సగటును లెక్కించుట నియమము. ఈ నియమమును జ్ఞాపకముంచుకొనుడు. ముందు ముందు దీనితో పనియున్నది.

డోనాల్డ్ కాంబెల్ ఇది చూచియు వెనుదీయలేదు. నారిస్ సోదరులు, లూ, కెన్ అనువారు, అతనికై జెట్టు కొరకే పుట్టిన కొత్త నీలపక్షిని గీసిరి. అంతయు లోహము, పొడవు సుమారు 26 అడుగులు. 1955 ప్రారంభమున నీటిలో దింపగా మొదట లేవనే లేదు. నీటితుంపరలు యంత్రము నోటిలో పడుచుండెను. ముందరి కాళ్లను సవరించిరి. ఆ సంవత్సరము జూలై 23న అల్స్‌వాటర్ సరస్సున 202.32 మైళ్లు సాధించెను. నవంబరులో అమెరికాలోని మీడ్ సరస్సున 216. అటుపిమ్మట కోనిస్టన్ మీద 1956లో 225, 1957లో 239. ఏటేట పది పదునైదు మైళ్ల చొప్పున మెట్లెక్కినట్లు ఎక్కుచుండెను.

వేగము పెరుగుకొలది ఒక చిక్కు గూడ పెరుగుచుండెను. పడవ మూడుచోట్ల మాత్రమే నీటిని తాకుచున్నదంటిని గదా. కాలువపడవకు పొడుగైన ప్రక్క నీటిలో నున్నది. దీనికి అరచేతులంత చోట్లు మూడు. పైగా పొడుగైన ముక్కు గాలిలో నున్నది. కొంచెము ప్రక్కకు తిరిగినచో ఎదురుగాలి ఆ ముక్కును పట్టుకొని ఇంకను ప్రక్కకు త్రోయును. వెనుక జెట్టు మాత్రము ముక్కు ఎటున్న అటే నెట్టును. తప్పు దారియైనను అదే బలముతో నెట్టును. పుల్ల లేని తారాజువ్వ యిదే.

అందుచేత 1958లో అమరమునకు వెనుక, నీటిలోనికి దిగునట్లు, కదలని రెక్క నొకదానిని బిగించిరి. చుక్కాని వేరు, ఇది వేరు. చుక్కాని త్రిప్పిన తిరుగును, ఇది తిరుగదు. తిరుగకుండుటయే దీని పని. ముక్కు ప్రక్కకు పోయినప్పుడు నీరు దీనిపై ప్రక్కనుండి తగిలి, అమరమును సర్ది, పడవను దారిలో నుంచును. రెక్క చిన్నదే. చిన్నది చాలునా యని సందేహము వచ్చును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు బరువు. ఒకే వేగమున గాలిలో ధాన్యపుకొట్టు తలుపంత పలక చేయు పనిని నీటిలో అరచేయిలో పట్టు పలక చేయును. అదిగాక, పెద్దది పెట్టిన కీడున్నది. నీటిలో నున్న ప్రతి అంగుళమును పడవను వెనుకకు లాగును.

ఆ లాగుటను గూడ వారు వ్యర్థము కానీయలేదు. నడచువాని పాదమునకు త్రాడు తగిలినచో మనిషి ముందుకు వ్రాలును. క్రింద లాగిన పైభాగము ముందునకు వంగును. అట్లే అమరముక్రింద రెక్క నీటిలో ఈడ్చుటవలన పడవ ముక్కు రవ్వంత క్రిందికి అణగును. ముక్కు లేచుట ఈ పడవలకు ప్రాణాంతకము గనుక ఆ రవ్వంతయు మేలే. అదే సంవత్సరము పడవ వెనుకభాగమున పైని గూడ చిన్న తోకరెక్క నమర్చి, వేగము తగ్గించు గొడుగుగుడ్డను అందులో దాచిరి. ఆ యేడు 248 మైళ్లు, 1959లో 260 మైళ్లు వచ్చినవి. 1964 డిసెంబరు 31న ఆస్ట్రేలియాలోని డంబుల్‌యంగ్ సరస్సున 276.33. అదే యేట జూలైలో నేలమీద కారుతో గంటకు 403 మైళ్లు పోయియుండెను. నేలమీదను నీటిమీదను ఒకే సంవత్సరమున ప్రపంచవేగమును జయించినవాడు అతడొక్కడే.

అచ్చటితో నిలిచియుండవలసినది. కాని 300 మైళ్లన్న సంఖ్య అతనిని పిలిచెను.

1966లో పడవకు పాతయంత్రమును దీసి, తేలికయు బలవత్తరమునైన ఆర్ఫియస్ అను యంత్రమును పెట్టిరి. అది నాట్ అను చిన్న యుద్ధవిమానమునుండి తీసినది. నాట్ విమానము మనకు క్రొత్తది కాదు. దానిని బెంగుళూరులో హిందూస్థాన్ కర్మాగారమున మనవారును నిర్మించిరి. 1965 యుద్ధమునను 1971 యుద్ధమునను మన వైమానికులు దానిపై పోరాడి పేరు గాంచిరి. మనవారు స్వయముగా నిర్మించిన మారుత్ విమానమునకును ఈ ఆర్ఫియస్ యంత్రమే. అట్టి నాట్ విమానము తోకరెక్కనే తెచ్చి నీలపక్షి వీపుపై నిలిపిరి. బాలుడు నన్నడిగిన తోక యిదియే.

నీటిలో రెక్క యుండగా గాలిలో మరల రెక్క యేల? ఆ వేగమున పడవ నీటిపై నిలకడగా నుండదు. చిన్న తరగ తగిలినను ఎగిరెగిరి పడును. ఎగిరిన ఆ క్షణమున నీటిరెక్క నీటిలో నుండదు. నీటిలో లేని రెక్క ఉన్నను లేనట్టే. అప్పుడు పడవ విమానమువలె గాలిలో నున్నది. గాలిలో నున్నదానిని పట్టవలసినది గాలిరెక్కయే. ముందరి పొడుగు ముక్కును గాలి ప్రక్కకు త్రోయుచుండగా, వెనుక ఈ తోక ఆ త్రోపును సరితూచును. గాలి తేలిక గనుకనే ఈ రెక్క పెద్దది. జెండా చిత్రించుటకు చోటు దొరికినది నిజమే గాని, తోక పెట్టినది జెండా కొరకు గాదు.

ఈ రెండు రెక్కలును కాపాడునది ఒక్క దిక్కునుండియే. పడవ కుడియెడమలకు తిరుగకుండ కాపాడును. పడవ ముక్కు ఆకాశమునకు లేచుట వేరొక యాపద. దానికి నిటారు తోక అడ్డుపడజాలదు. నిలువుగా పట్టిన విసనకఱ్ఱను ముందుకు జరిపిన గాలి తగులదు గదా! నీటిరెక్క ఈడ్చు ఈడ్పు ముక్కును రవ్వంత అణచునంటిని. వేగము పెరిగినప్పుడు ఆ యణచు బలముకంటె ముక్కుక్రింద దూరు గాలి యెత్తు బలమే ప్రబలును. వేగము ఒకటిన్నర రెట్లయినచో గాలిబలము రెండింతలు దాటును. పడవ బరువు మాత్రము 202 మైళ్లనాడెంతయో 300 మైళ్లనాడును ఇంచుమించు అంతే. బరువు అంతే యుండి ఎత్తు బలము పెరుగుచు పోయిన, ఎచ్చటనో ఒకచోట తక్కెడ మొగ్గవలెను.

1967 జనవరి 4, ప్రాతఃకాలము. కోనిస్టన్ సరస్సు ఐదు మైళ్ల పొడవుది. నీరు అద్దమువలె నుండెను. కాంబెల్ ఉత్తరమునుండి దక్షిణమునకు మొదటి పరుగు తీసెను, 297.6 మైళ్లు. ఎదురు పరుగు ఇంకొకటి 302కు పైగా వచ్చినచో సగటు 300 దాటును. మొదటి పరుగు లేపిన అలలు సరస్సు ఒడ్డులను తాకి తిరిగివచ్చి సద్దుమణుగుటకు సమయము పట్టును. అతడు ఆగలేదు. నూనె నింపుకొనుటకు గూడ ఆగక వెంటనే తిరిగెను. గంట గడువున్నది, అయినను ఆగలేదు. ఎందులకో చెప్పుటకు అతడు మిగులలేదు. పడవ 320 మైళ్లు దాటెను. కాళ్లు నీటిపై తడబడి ఎగురసాగినవి. ఒకసారి ముక్కు లేచెను, మరి దిగలేదు. పడవ మొత్తము గాలిలోనికి లేచి, వెనుకకు పల్టీకొట్టి, నీటిని ఢీకొని చీలిపోయెను. యంత్రపు త్రోపు ఆ క్షణమున తగ్గెననియు, నీటి మీదుగా నున్న ఆ త్రోపే అంతవరకు ముక్కును అణచియుంచినదనియు, అది పోగా ముక్కు లేచెననియు కొందరు పరిశోధకులు చెప్పుదురు. పాత అలలే కారణమని కొందరు. రెండును కలిసెనేమో. రెక్కలలో మాత్రము లోపము లేదు. చివరివరకు పడవ దారి తప్పలేదు; తిన్నగా పోవుచునే పైకి లేచెను.

అతడెల్లప్పుడు వెంట నుంచుకొను చిన్న ఎలుగుబంటి బొమ్మ నీటిపై తేలెను. మనిషి దొరకలేదు.

అటుపిమ్మటి చరిత్ర త్వరగా చెప్పుదును. ఆస్ట్రేలియాలో కెన్ వార్బీ అనునతడు సిడ్నీలోని తన యింటి పెరటిలో కఱ్ఱతో ఒక పడవను నిర్మించెను. దానికి సైన్యము వేలమువేసిన పాతజెట్టుయంత్రమును కొని పెట్టెను. కాంబెల్ పడవ నమూనాను లండనులో గాలిసొరంగమున పరీక్షించిన టామ్ ఫింక్ అను ఆచార్యుడే పిమ్మట సిడ్నీలో నుండి ఇతనికి సలహాలు చెప్పెను. ఒకని మరణముతో నేర్చినది మరియొకనికి ఉపయోగపడినది. 1978 అక్టోబరు 8న బ్లౌరింగ్ జలాశయముపై వార్బీ గంటకు 317.6 మైళ్ల సగటు సాధించెను. ఈ ప్రసంగము వ్రాయునాటికి దానిని మించినవారు లేరు. మించబోయి 1980లో లీ టేలర్, 1989లో క్రెయిగ్ ఆర్ఫన్స్ అను అమెరికనులు ప్రాణములు కోల్పోయిరి. వార్బీ మాత్రము వృద్ధుడై 2023లో గతించెను.

నీలపక్షి 34 యేండ్లు కోనిస్టన్ అడుగున, సుమారు 150 అడుగుల లోతున పడియుండెను. 2001 మార్చి 8న బిల్ స్మిత్ అను గజయీతగాడును అతని మిత్రులును దానిని పైకి తెచ్చిరి. మే నెలలో కాంబెల్ శరీరమును దొరకెను. సెప్టెంబరులో కోనిస్టన్ గ్రామమున సమాధి చేసిరి. పడవను బాగుచేసి 2018లో స్కాట్లండులోని బ్యూట్ ద్వీపమున ఒక చిన్న సరస్సుపై నడిపిరి. 2024నుండి అది కోనిస్టన్ గ్రామములోని రస్కిన్ ప్రదర్శనశాలకు చేరినది.

2001లో అది నీటినుండి పైకి వచ్చిన నాటి ఛాయాచిత్రమును నేను చూచితిని. ముందుభాగము చీలిపోయినది. తోకరెక్క మాత్రము విరుగక నిటారుగా నిలిచియున్నది. దానిపైని జెండా బొమ్మ మాసినను గుర్తు పట్టవచ్చును. ఆ బొమ్మ చూచినప్పుడు ఆ బాలుడు జ్ఞాపకము వచ్చెను. పేరు గుర్తున్నది, ఊరు విడిచి ఏనాడో పోయినాడని విన్నాను. ఈ ప్రసంగము అతని చెవిని పడునో లేదో.